సంకల్పంలో చివరి మాట

(ఉగాది సాయంత్రం, కోనసీమలో ఒక రామాలయం దగ్గర చేసిన ప్రసంగం)

పెద్దలకు నమస్కారమండీ. పొద్దున ఇక్కడే పంచాంగం విన్నాం. ఆదాయమెంత, వ్యయమెంత, వానలెలా ఉంటాయి అని. ఏటా వింటాను, నాకూ ఇష్టమే. కానీ రేపటి గురించి మన పెద్దలు నేర్పిన అసలు పాఠం రాశిఫలాల్లో లేదు. పూజకు ముందు పంతులుగారు గబగబా చెప్పించే సంకల్పంలో ఉంది.

ఒకసారి నిదానంగా వినండి. ద్వితీయ పరార్ధే, శ్వేతవరాహ కల్పే, వైవస్వత మన్వంతరే, కలియుగే, ప్రథమపాదే... బ్రహ్మ ఆయుష్షు దగ్గర మొదలై ఇవాళ్టి తిథి దాకా దిగుతుంది. శ్రీశైలానికి ఏ దిక్కున కూర్చున్నామో చెబుతుంది. ఆ తర్వాతే మన గోత్రం, మన పేరు. చివర ఒకటే మాట: కరిష్యే. చేస్తాను అని. జరుగుతుంది అని కాదు.

ప్రథమపాదే, అంటే యుగంలో మొదటి పావు భాగంలోనే ఉన్నాం అన్న మాట కూడా మనం పట్టించుకోం. కలియుగం 4,32,000 ఏళ్లని లెక్క. గడిచినవి ఐదు వేల చిల్లర. కలికాలమండీ, ఇంకేముంది అని అరుగు మీద కూర్చుంటే పంచాంగమే ఒప్పుకోదు.

చర్చికి వెళ్లే మనవాళ్లకు యోసేపు కథ తెలుసు. ఈజిప్టు రాజు ఫరోకు వచ్చిన కలకు, ఏడేళ్ల పంటల తర్వాత ఏడేళ్ల కరువొస్తుందని అర్థం చెప్పి ఊరుకోలేదాయన. పంటలు విరగపండిన ఏడేళ్లూ ఐదో వంతు ధాన్యం కొట్లలో పోయించాడు.

భగీరథుడి సంగతీ అంతే. తాత అంశుమంతుడు, తండ్రి దిలీపుడు గంగను కిందికి తేలేకుండానే పోయారు. మూడో తరానికి నీళ్లొచ్చాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొరను ఇక్కడివాళ్లు భగీరథుడని శ్లోకం కట్టి తలుచుకున్నారంటే, ఆ కథను ఎంత లోతుగా అర్థం చేసుకున్నారో చూడండి.

2015 పుష్కరాల్లో మీరు చంకనెత్తుకుని ముంచిన పాపకు 2039 పుష్కరాల నాటికి ఇరవై నాలుగేళ్లు. ఆ అమ్మాయి దిగే రేవులో నీళ్లెలా ఉంటాయి? రొయ్యల చెరువుల ఉప్పు పక్క చేలోకి దిగుతోంది. మురుగు కాలువ నిండా గుర్రపుడెక్క, గట్టి వాన పడితే చేలు మునుగుతున్నాయి. ఇవి చూస్తే నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

ఆదివారం పొద్దున్నే గుడి వెనక కాలువ దగ్గరికి కత్తి, తాడు పట్టుకుని వస్తాను. వీలున్నవాళ్లు రండి. సంకల్పం అక్కడ చెప్పుకుందాం.