మధ్యలో ఉండేది

శ్రోతలందరికీ నమస్కారం.

మతం అనే మాటను ఇవాళ మనం దాదాపు ఒకే అర్థంలో వాడుతున్నాం. కానీ దానికి ఇంకో అర్థం ఉంది: అభిప్రాయం. పాత వ్యాఖ్యానాల్లో ‘ఇది ఫలానా పండితుని మతం’ అని కనిపిస్తుంది. అక్కడ చెబుతున్నది ఆయన ఏ దేవుణ్ణి కొలిచాడన్నది కాదు, ఆయన ఏమనుకున్నాడన్నది. సమ్మతం, అభిమతం అనే మాటల్లో ఆ అర్థం ఇంకా బతికే ఉంది. ఇక మాధ్యమం అంటే మధ్యలో ఉండేది. మనం అనుకునేది ఒకటి, దాన్ని మనిషి నుంచి మనిషికి మోసేది ఇంకొకటి. ఈ రెంటికీ ఉన్న పొత్తు గురించీ, ఆ పొత్తు మన మనసుల్నీ ఒంట్లో ఆరోగ్యాన్నీ ఎలా తాకుతుందన్నదాని గురించీ ఈ కాసేపు మాట్లాడుకుందాం.

మతానికీ ప్రసార మాధ్యమాలకూ పడదని చాలామంది అనుకుంటారు. టీవీ వచ్చి భక్తిని చెడగొట్టిందని ఒకరంటే, మతం పత్రికల నోరు నొక్కుతుందని ఇంకొకరంటారు. చరిత్ర చూస్తే మాత్రం కొత్త మాధ్యమం పుట్టిన ప్రతిసారీ దాని గుమ్మంలో మతం ముందే నిలబడి ఉంది. తేదీ వేసి ఉన్న అచ్చు పుస్తకాల్లో మనకు దక్కిన అతి పాతది 868లో చైనాలో చెక్క దిమ్మలతో అచ్చువేసిన వజ్రసూత్రం. అది బౌద్ధ గ్రంథం. వాంగ్ జియే అనే ఆయన తన తల్లిదండ్రుల పేరిట, అందరికీ ఉచితంగా పంచడానికి దీన్ని చేయించాడని చివర రాసి ఉంది. పుణ్యం కోసం పుస్తకం పంచిపెట్టడం అంత పాతది.

ఐరోపాలో అచ్చు యంత్రం అనగానే గూటెన్‌బర్గ్, ఆయన అచ్చువేసిన బైబిల్ గుర్తొస్తాయి. కానీ ఆ బైబిల్ పూర్తి కాకముందే, 1454లో, జర్మనీలోని మైంజ్ పట్టణంలో, చర్చికి సొమ్ము కడితే పాపాలకు శిక్ష తగ్గుతుందని ఇచ్చే పాపక్షమాపణ పత్రాలు అచ్చయ్యాయి. సొమ్ము కట్టినవాళ్ల పేరు రాయడానికి మధ్యలో ఖాళీ వదిలిన కాగితాలవి. ఒక్క మాటలో చెప్పాలంటే ఫారాలు. పేరు ఇక్కడ, తేదీ అక్కడ. తర్వాత 63 ఏళ్లకు, 1517లో, అలాంటి పత్రాల అమ్మకాన్నే నిలదీస్తూ మార్టిన్ లూథర్ అనే జర్మన్ మతగురువు 95 వాదాలు రాశాడు. వాటిని జర్మన్ నేలంతా తిప్పింది కూడా అచ్చు యంత్రమే. పత్రాలు అమ్మిపెట్టిందీ అదే, అమ్మకాన్ని ప్రశ్నించిందీ అదే. దానికి పక్షం లేదు.

రేడియో వాణ్ణి కాబట్టి రేడియో ముచ్చట ఒకటి చెప్పకుండా ఉండలేను. 1920 నవంబరులో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కేడీకేఏ అనే రేడియో కేంద్రం మొదలైంది. రెండు నెలలు తిరిగాయో లేదో, 1921 జనవరి 2న, ఆదివారం సాయంత్రం, ఆ ఊళ్లోని ఒక చర్చి నుంచి ప్రార్థనను ప్రత్యక్షంగా ప్రసారం చేశారు. యంత్రాలు చూసుకోవడానికి వచ్చిన సాంకేతిక సిబ్బందిని చూసి భక్తుల ధ్యాస చెదరకుండా, వాళ్లకు కూడా గాయకబృందం వేసుకునే అంగీలే తొడిగారట. ఆ వేషం చూస్తే నాకు నవ్వొస్తుంది, ఆలోచనా వస్తుంది. అప్పటి నుంచి ఎవరు ఎవరి అంగీలో ఉన్నారో చెప్పడం కష్టమైపోయింది.

సరే, అసలు ప్రశ్నకు వద్దాం. వీటివల్ల మనిషి బాగుంటాడా?

మతం విషయంలో గట్టి లెక్కలే ఉన్నాయి. అమెరికాలో 74,534 మంది మహిళా నర్సుల ఆరోగ్యాన్ని 1990ల నుంచి 2012 దాకా గమనించిన ఒక పెద్ద పరిశీలన ఫలితాలు 2016లో వచ్చాయి. వారానికి ఒకసారి కంటే ఎక్కువగా ప్రార్థనాసమావేశాలకు వెళ్లేవాళ్లలో, అసలు వెళ్లనివాళ్లతో పోలిస్తే, ఆ కాలంలో మరణించే అవకాశం 33 శాతం తక్కువగా కనిపించింది. ఇందులో జాగ్రత్తగా వినాల్సింది ‘వెళ్లేవాళ్లలో’ అన్న మాట. వెళ్లగలిగేవాళ్లు ముందే ఆరోగ్యంగా ఉండొచ్చు కదా అని మీకు అనుమానం రావాలి. పరిశోధకులకూ వచ్చింది, ఆ తేడాను వీలైనంత వరకు సరిచూసుకునే ఈ అంకె చెప్పారు. అయినా ఇది గమనించి చెప్పిన సంగతే తప్ప ప్రయోగం చేసి తేల్చింది కాదు. ఎవరైనా దీన్ని పట్టుకుని ‘మా దేవుడు ఆయుష్షు పోస్తాడని సైన్సే ఒప్పుకుంది’ అంటే, అది సైన్సు అన్న మాట కాదు.

మరి మేలు చేస్తున్నది ఏమిటి? విశ్వాసమా, వెళ్లడమా? 2010లో లిమ్, పుట్నమ్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు దీన్ని విడదీసి చూశారు. ప్రార్థనలకు తరచూ వెళ్లేవాళ్లు జీవితంతో ఎక్కువ తృప్తిగా ఉన్న మాట నిజమే. కానీ ఆ తృప్తి చాలా వరకు అక్కడ స్నేహితులున్నవాళ్లదే. ప్రతివారం వెళ్లి, ఎవరితోనూ పరిచయం లేకుండా కూర్చుని, లేచి వచ్చేవాళ్లకు ఆ లాభం పెద్దగా దక్కలేదు. నన్నడిగితే ఇందులో మతాన్ని చిన్నబుచ్చేదేమీ లేదు. ‘ఈ వారం కనబడలేదేం?’ అని అడిగే మనిషి ఒకరుంటే అది మందులా పనిచేస్తుందని నాకు తెలుసు. చాలామందికి ఆ ప్రశ్న వేరే ఎక్కడా దొరకదు.

అదే మతం గుచ్చే ముల్లూ అవుతుంది. ఆస్పత్రిలో చేరిన 596 మంది పెద్దవయసు రోగులను రెండేళ్లు గమనించిన పరిశోధన ఒకటి 2001లో వెలువడింది. దేవుడు నన్ను వదిలేశాడనీ, నా మీద ప్రేమ లేదనీ, ఇది దయ్యం పనేననీ కుమిలిపోయిన రోగుల్లో మరణించే ముప్పు 19 నుంచి 28 శాతం దాకా ఎక్కువగా కనిపించింది. జబ్బుతో మంచంలో ఉన్న మనిషి ‘ఇది నా పాపానికి శిక్ష’ అని ఎందుకు అనుకుంటాడు? ఎవరో ఎప్పుడో చెప్పబట్టే. వేదిక మీంచో, తెర మీంచో, మైకులోంచో. ఆ చెప్పినవాళ్లు ఆ మంచం పక్కన మాత్రం ఉండరు.

ఇక వార్తల వైపు వెళ్దాం. 2013లో బోస్టన్ మారథాన్ పరుగు పందెంలో బాంబులు పేలాయి. తర్వాతి వారం రోజులు ఆ దృశ్యాలను రోజుకు ఆరుగంటలకు పైగా చూసినవాళ్లు, పేలుడు చోట స్వయంగా ఉన్నవాళ్ల కంటే ఎక్కువ మానసిక ఒత్తిడికి గురయ్యారని ఒక అధ్యయనంలో తేలింది. నేనది మొదట చదివినప్పుడు నమ్మలేకపోయాను. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. అక్కడున్నవాడికి ఆ పేలుడు ఒక్కసారే జరిగింది. తెర ముందు కూర్చున్నవాడికి పగలూ రాత్రీ జరుగుతూనే ఉంది.

అబద్ధాల సంగతి మీకు తెలిసిందే. నిజం గడప దాటేలోగా అబద్ధం ఊరు చుట్టివస్తుందని ఎప్పటి నుంచో అనుకుంటున్నాం. 2018లో ముగ్గురు పరిశోధకులు దాన్ని కొలిచారు. ట్విటర్‌లో పదకొండేళ్ల పాటు తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరీక్షిస్తే, 1,500 మందికి చేరడానికి అబద్ధం కంటే నిజానికి ఆరు రెట్లు సమయం పట్టింది. తప్పంతా మనిషి లేకుండా తమంతట తామే పోస్టులు పెట్టే యంత్రాలదేనేమోనని వాటి ఖాతాలను తీసేసి చూసినా ఫలితం మారలేదు. చేతులు మనవే. వార్తలో దేవుడో, మన కులదైవమో, మన పవిత్ర గ్రంథమో ఉంటే వేళ్లు ఇంకా త్వరగా కదులుతాయని నా అనుమానం. దీనికి నా దగ్గర లెక్కలు లేవు, నా వేళ్లను నేను చూసుకుని చెబుతున్నాను.

అలాగని రాసేవాళ్ల చేతిలో ఏమీ లేదనుకోనక్కర్లేదు. వియన్నా నగరంలో 1980లలో భూగర్భ రైలు మార్గంలో ఆత్మహత్యలు పెరిగాయి. పత్రికలు వాటిని పతాక శీర్షికల్లో, పూసగుచ్చినట్టు రాసేవి. 1987లో మానసిక వైద్యులు వెళ్లి, ఎలా రాయాలో ఎలా రాయకూడదో చెబుతూ సూచనలు ఇచ్చారు. పత్రికలు విన్నాయి. ఆ ఏడాది రెండో సగంలోనే అక్కడి ఆత్మహత్యలు బాగా తగ్గాయి. మారింది రాసే తీరు, అంతే. మన వృత్తిలో ఇంత నేరుగా ప్రాణాలు కాపాడిన సందర్భాలు అరుదు, అందుకే చెప్పాను.

మతం, మాధ్యమం రెండూ ఒకేచోట, ఒకే కాలంలో అడ్డంగా కూలిపోతే ఏమవుతుందో ఆఫ్రికాలోని రువాండాలో చూశాం. 1993లో అక్కడ ఒక ప్రైవేటు రేడియో మొదలైంది. మంచి పాటలు వేసేది. వ్యాఖ్యాతలు చలాకీగా మాట్లాడేవాళ్లు, జోకులు చెప్పేవాళ్లు. మనుషులు ఇష్టంగా విన్నారు. పాటకూ పాటకూ మధ్య, అక్కడి మైనారిటీ జాతి అయిన టుట్సీలను బొద్దింకలు అనడం మొదలైంది. 1994 ఏప్రిల్లో మెజారిటీ జాతి హుటూల్లోని అతివాదులు మారణహోమం మొదలుపెట్టాక అదే గొంతులు ఎవరెక్కడ దాక్కున్నారో చెప్పాయి. సుమారు వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మంది చనిపోయారు. ఆ దేశంలో అత్యధికులు క్రైస్తవులు. చంపినవాళ్లూ చచ్చిపోయినవాళ్లూ నిన్నటిదాకా పక్కపక్కన మోకరిల్లినవాళ్లే. ప్రాణభయంతో చర్చిల్లోకి పరుగెత్తినవాళ్లను ఆ చర్చిల్లోనే చంపారు. తన చర్చిలో తలదాచుకున్నవాళ్ల మీద బుల్డోజరు నడిపించడంలో పాలుపంచుకున్నందుకు ఒక మతగురువుకు 2008లో, రువాండా కేసుల కోసం ఐక్యరాజ్యసమితి పెట్టిన అంతర్జాతీయ ట్రిబ్యునల్ యావజ్జీవ శిక్ష వేసింది. తమ ప్రాణాలకు తెగించి పొరుగువాళ్లను దాచినవాళ్లూ ఉన్నారు. వాళ్లలో చాలామంది చదివిందీ అదే బైబిలే.

ఆ రేడియోను నడిపినవాళ్లకు 2003లో శిక్షలు పడ్డాయి. ఆ మరుసటి ఏడాదే అదే దేశంలో, జనం ఇళ్లలోని అవే రేడియో పెట్టెల్లోంచి ఒక ధారావాహిక నాటకం మొదలైంది. హుటూ, టుట్సీ అనే మాటలు అందులో రావు. రెండు కొండల మీద రెండు ఊళ్లు, వాటి మధ్య పగ, ఈ ఊరి పిల్ల, ఆ ఊరి పిల్లాడు. బెట్సీ లెవీ పలక్ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త దీని మీద ఏడాది పాటు ప్రయోగం చేసింది. కొన్ని చోట్ల జనాన్ని కూర్చోబెట్టి ఈ నాటకం వినిపించారు, మరికొన్ని చోట్ల ఆరోగ్యం మీద ఇంకో నాటకం. 2009లో వచ్చిన ఫలితం మామూలుగా మనం ఊహించేది కాదు. విన్నవాళ్ల సొంత నమ్మకాలు పెద్దగా మారలేదు. మారింది నలుగురూ ఏమనుకుంటున్నారన్న అంచనా. ఇక్కడ ఎదురు మాట్లాడొచ్చు, పొరుగువాణ్ణి నమ్మితే అది తెలివితక్కువతనం కాదు అన్న ధైర్యం వచ్చింది. నలుగురితో నారాయణ అంటాం కదా, ఆ నలుగురూ ఏమంటున్నారో చెప్పేది ఎవరన్నదే ఇక్కడ తేడా.

ఏడాది చివర ప్రతి బృందానికీ ఒక స్టీరియో, కొన్ని బ్యాటరీలు, నాటకం క్యాసెట్లు కానుకగా ఇచ్చారు. మీరే చూసుకోండి అని వదిలేసి, ఏం చేస్తారో పక్కనుంచి రాసుకున్నారు. ఆరోగ్య నాటకం విన్న బృందాల్లో ఎక్కువగా జరిగింది ఇది: ఎవరో ఒకరు ‘స్థానిక పెద్ద దగ్గర ఉంచుదాం’ అన్నారు, మిగతావాళ్లు సరేనన్నారు, అయిపోయింది. రెండు కొండల నాటకం విన్న బృందాల్లోనూ ఆ మాట వచ్చింది. అయితే అక్కడ చాలాచోట్ల వెంటనే ఇంకొకరు ‘అలా ఎందుకు?’ అన్నారు. చర్చ మొదలైంది. ఒకరు ఒకటంటే ఇంకొకరు ఇంకొకటన్నారు. కాసేపటికి, ఆ స్టీరియో అందరిదీ, అందరం కలిసి చూసుకుందాం అని తేల్చుకున్నారు.

ఇవాళ్టికి సెలవు.