వియ్యాలవారి బల్ల దగ్గర

సభలోని పెద్దలకు, పిల్లలకు నమస్కారం.

డెన్మార్క్ తిండి అనగానే అందరూ కోపెన్‌హాగన్‌లోని పేరుమోసిన రెస్టారెంట్ల గురించే అడుగుతారు. ఆ దేశపు రుచి తెలియాలంటే మాత్రం చుట్టాలింట్లో, వాళ్ల పక్కన కూర్చుని తినాలని నేనంటాను. మా అమ్మాయి మెట్టినిల్లు జర్మనీ సరిహద్దు దగ్గరున్న దక్షిణ జట్లాండ్ ప్రాంతం కావడంతో నాకు ఆ అదృష్టం దక్కింది.

ఆ ఇళ్లలో వెన్న, పంది మాంసం ఎక్కువ. 1870ల్లో అమెరికా, రష్యాల నుంచి చవక ధాన్యం వచ్చిపడడంతో అక్కడి రైతులు పాడివైపు మళ్లారు. 1882లో యెడ్డింగ్ అనే ఊళ్లో తొలి సహకార డెయిరీ పెట్టుకున్నారు. వెన్న తీయగా మిగిలిన పాలు పందులకు మేతయ్యాయి. 2014లో జనం ఓట్లేసి ఎంచుకున్న జాతీయ వంటకం కూడా కరకరలాడేలా వేయించిన పంది మాంసమే, పక్కన పార్స్లీ అనే ఆకు వేసిన తెల్ల సాస్, బంగాళదుంపలు.

క్రిస్మస్ ముందురోజు, డిసెంబరు 24 రాత్రి భోజనం చివర రిసాలమాండ్ వస్తుంది. పాలలో ఉడికించి చల్లార్చిన అన్నంలో గిలక్కొట్టిన మీగడ, వెనిలా, తరిగిన బాదం కలిపి, పైన వేడి చెర్రీ సాస్ పోస్తారు. మన పరమాన్నానికి దూరపు చుట్టం. గిన్నె మొత్తంలో ఒకే ఒక్క బాదంపప్పు ముక్క చేయకుండా వేస్తారు. అది దొరికినవాళ్లకు బహుమతి. దొరికినా బుగ్గన దాచుకుని మాట్లాడకుండా కూర్చుంటారు. మిగతావాళ్లు వెతుక్కుంటూ పొట్ట పగిలేదాకా తింటారు! తర్వాత అందరూ చేతులు పట్టుకుని క్రిస్మస్ చెట్టు చుట్టూ పాడుతూ తిరుగుతారు.

అయితే నా మనసు దోచింది దక్షిణ జట్లాండ్ కాఫీ విందు. 1864 యుద్ధంలో డెన్మార్క్ ఓడాక ఆ ప్రాంతం జర్మన్ల ఏలుబడిలోకి పోయింది. డేనిష్ మాట్లాడేవాళ్లు తమ పాటలు పాడుకోవడానికి సొంతంగా సభాభవనాలు కట్టుకున్నారు. అక్కడ మద్యం అమ్మడానికి అనుమతి దొరకలేదు. దాంతో కాఫీ కాచుకున్నారు, ఆడవాళ్లు ఇళ్ల నుంచి కేకులు తెచ్చారు. ఒకరికి మించి ఒకరు చేయడంతో ఏడు రకాల మెత్తనివి, ఏడు రకాల కరకరలాడేవి ఉండాలన్న ఆనవాయితీ స్థిరపడింది. 1920లో ప్రజాభిప్రాయ సేకరణతో ఆ ప్రాంతపు ఉత్తర భాగం డెన్మార్క్‌లో కలిసింది, కాఫీ బల్ల అలాగే నిలిచింది. మా వియ్యపురాలు రై అనే ధాన్యపు రొట్టె తురుముతో కేకు చేసి, మధ్యలో మీగడ, నల్ల ద్రాక్షలా కనిపించే బ్లాక్‌కరెంట్ జామ్ పరుస్తారు. పులుపూ తీపీ కలిసిన ఆ ముక్క తింటుంటే, పరాయి పాలనలో ఆ ఆడవాళ్లు పట్టుదలగా నిలబెట్టుకున్నది ఏమిటో నాకు అర్థమైంది.

మీలో ఎవరికైనా అక్కడ వియ్యాలవారుంటే, క్రిస్మస్‌కి వెళ్లినప్పుడు అతిథిలా హాల్లో కూర్చోకండి. వంటింట్లోకి వెళ్లి చక్కెర పాకం పట్టిన బంగాళదుంపలు చేసే పని అడిగి తీసుకోండి. పెనంలో చక్కెరను కలపకుండా కరగనివ్వండి, బంగారు రంగు రాగానే వెన్న వేయండి. ముందే ఉడికించి చల్లార్చిన చిన్న దుంపల్ని చన్నీళ్లలో కడిగి అందులో దొర్లించండి. తడి ఉంటేనే పాకం పట్టుకుంటుంది. ఆ మెలకువ మా వియ్యపురాలే నా పక్కన నిలబడి చెప్పారు.