క్లిప్పు తీసిన అమ్మాయి పేరెక్కడ?

వేదిక మీది పెద్దలకు, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం. ప్రజా చరిత్ర, వారసత్వ రంగాల్లో ఇంటర్న్‌షిప్ అవకాశాల గురించి మాట్లాడమన్నారు. అవకాశాల వివరాలు మీ చేతిలోని కాగితంలోనే ఉన్నాయి, మళ్లీ చదవను.

చరిత్ర చదివినవాళ్లు పాఠాలు చెప్పడంతోనే ఆగిపోకుండా మ్యూజియంలలో, పాత పత్రాలు భద్రపరిచే ఆర్కైవ్స్‌లో, ప్రభుత్వ శాఖల్లో పనిచేయాలని 1976లో అమెరికాలో, శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ కెల్లీ అనే చరిత్ర ఆచార్యుడు ప్రజా చరిత్ర పేరుతో ఒక కోర్సు మొదలుపెట్టారు. దాని గురించి ఇంకా చెప్పొచ్చు గానీ, నా మనసంతా ఒక పాత ఉత్తరాల కట్ట మీదే ఉంది.

ఒక ఆర్కైవ్‌లో ఇంటర్న్‌గా చేరిన అమ్మాయికి ఆ కట్ట ఇచ్చారు. నిండా తుప్పు పట్టిన క్లిప్పులు. లాగితే కాగితం చిరుగుతుంది. కాగితానికీ క్లిప్పుకీ మధ్య రెండు వైపులా పల్చటి పాలిస్టర్ షీటు ముక్క దూర్చి, క్లిప్పు ఒక కొస అదిమిపట్టి, రెండో కొసను మెల్లగా పైకి లేపాలి. ఆ అమ్మాయి అలాగే తీసింది. తీసేముందు ఏ కాగితంతో ఏ కాగితం కలిసి ఉందో పెన్సిల్‌తో విడిగా రాసి పెట్టుకుంది. ఒక ఫిర్యాదు, దానికి వచ్చిన జవాబు ఒకే క్లిప్పులో ఉన్నాయి. జవాబు మీద తేదీ లేదు, చిరునామా లేదు. ఆమె రాసుకోకపోతే అది ఏ ఫిర్యాదుకి జవాబో ఇక ఎవరూ చెప్పలేరు. ఇది చరిత్రకారుల పని కాదా? చెప్పండి!

తర్వాత ఆ ఉత్తరాలతో ఎగ్జిబిషన్ పెట్టారు. కృతజ్ఞతల బోర్డు మీద దాతలున్నారు, అధికారులున్నారు, లైట్లు బిగించిన కంపెనీ కూడా ఉంది. ఆ అమ్మాయి పేరు లేదు. కేటలాగులోనూ లేదు. స్టైపెండ్ అసలే లేదు. అడిగితే "అనుభవం వచ్చింది కదమ్మా" అన్నారు. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

వెనక వరుసల్లో కూర్చున్న పిల్లలూ, జీతం లేకుండా నెలల తరబడి పనిచేసే స్తోమత మీలో ఎంతమందికుంది? చేతులెత్తండి. చూశారా సార్, ఎంత తక్కువ లేచాయో! స్తోమత లేనివాళ్లు రారు. వాళ్ల ఇళ్లలో దాచుకున్న ఫోటోలు, వాళ్ల అమ్మమ్మలు చెప్పే సంగతులు కూడా చరిత్రలోకి రావు. అమెరికాలో ఆర్ట్ మ్యూజియం డైరెక్టర్ల సంఘం ఇంటర్న్‌లకు జీతం ఇవ్వాలని 2019లో తీర్మానం చేసింది. మనం మాత్రం ఇంకా సర్టిఫికెట్‌తో సరిపెడుతున్నాం.

స్కానింగ్ చేయించండి, తప్పులేదు. రోజంతా అదే చేయించకండి. పాత కాగితాల పెట్టె ఒక్కటి పూర్తిగా అప్పగించండి. దాని వివరాల పట్టిక వాళ్లతోనే రాయించండి, మీ సీనియర్లతో దిద్దించండి. తప్పు ఎక్కడుందో పక్కన కూర్చుని చూపించండి.

ముందు వరుసలో ఉన్న సంస్థల పెద్దలకు నా విన్నపం ఒక్కటే. ఈసారి చేర్చుకునే విద్యార్థులకు ఇచ్చే లెటర్‌లో స్టైపెండ్ ఎంతో, చేసిన పని కింద వాళ్ల పేరు ఎక్కడ వేస్తారో రాసివ్వండి. విద్యార్థులూ, ఆ రెండూ లేకపోతే సంతకం పెట్టేముందు అడగండి. అడగడానికి మొహమాటపడితే మీ అధ్యాపకుల్ని వెంట తీసుకెళ్లండి.