నల్లటి కోటింగ్ గుడ్డ మీద గీత గీయడం ఎలా?

అందరికీ నమస్కారం.

ఈ శిక్షణకు వచ్చినవాళ్లలో చాలామంది జాకెట్లు, చుడీదార్లు, ప్యాంట్లు కుట్టి చేయి తిరిగినవాళ్లే. ఇప్పుడు స్కూలు బ్యాగులు, ల్యాప్‌టాప్ బ్యాగులు, వాన కవర్లు, రెయిన్‌కోట్ల పనిలోకి వస్తున్నారు. మిషను గురించి, సూది నంబరు గురించి, దారం గురించి మీకు ఎవరో ఒకరు చెబుతారు. గీత గురించి మాత్రం ఎవరూ చెప్పరు. నల్లటి నైలాన్ గుడ్డ పరిచి, అలవాటుగా సుద్దముక్క తీసుకుని గీస్తే అది జారిపోతుంది. గీత పడినా, కత్తెర అక్కడికి చేరేలోపు మణికట్టు రాసుకుని చెరిగిపోతుంది. అప్పుడు విసుగొచ్చి చేతికందిన పెన్ను తీసుకుంటాం. గుడ్డ పాడయ్యేది ఎక్కువగా ఆ పెన్ను దగ్గరే. అందుకే నాకిచ్చిన సమయమంతా ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను.

నూలు గుడ్డ మీద సుద్ద ఎందుకు నిలుస్తుంది? పోగుల సందుల్లో పొడి ఇరుక్కుంటుంది కాబట్టి. కోటింగ్ ఉన్న గుడ్డలో ఆ సందులు మూసుకుపోయి ఉంటాయి. అక్కడ మనం గీసేది పల్చటి ప్లాస్టిక్ పొర మీద. కాబట్టి ఏ గుడ్డ అని అడిగే ముందు, ఏ కోటింగ్ అని అడగాలి. షాపులో 210 డి, 420 డి, 600 డి అని చెబుతారు. ఆ ‘డి’ అంటే డెనియర్, 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే సంఖ్య. మందం అంచనా వేయడానికి అది పనికొస్తుంది, కోటింగ్ సంగతి అది చెప్పదు.

మనకు ఎక్కువగా తగిలేవి మూడు. మొదటిది పాలీయురెథేన్, అందరూ పీయూ అంటారు. బ్యాగు గుడ్డల్లో ఇది సాధారణంగా వెనకవైపు ఉంటుంది. ముందువైపు నేత కనిపిస్తుంది, వెనక్కి తిప్పితే కాస్త మెరుపు, చేతికి రబ్బరు తగిలినట్టు పట్టు. రెండోది సిలికాన్. తేలికపాటి టెంట్లకు, పర్వతారోహణ సామానుకు వాడే పల్చటి గుడ్డకు రెండు వైపులా సిలికాన్ పట్టించి ఉంటుంది. వేళ్ల మధ్య నూనె రాసినట్టు జారుతుంది. మూడోది పీవీసీ, అంటే టార్పాలిన్, రెగ్జిన్ లాంటివి. సిలికానా, పీయూనా అని అనుమానం వస్తే మామూలు సెల్లోటేపు ముక్క అంటించి లాగండి. సిలికాన్ మీద టేపు సరిగా పట్టదు, ఇట్టే ఊడి వస్తుంది.

ఇంకొక్క మాట చెప్పి పనిముట్ల దగ్గరికి వెళ్తాను. ఈ గుడ్డల్లో గుండుసూది పొడిస్తే ఆ రంధ్రం పూడదు. వాన కవరులో అదే నీరు దిగే దారి అవుతుంది. అందుకే పేపర్ ప్యాటర్న్‌ను గుండుసూదులతో పట్టి ఉంచే పద్ధతి ఇక్కడ చెల్లదు. బరువులు పెట్టి గీయాలి, క్లిప్పులు పెట్టి కుట్టాలి. గుండుసూదులు చేయాల్సిన పనిలో సగం ఇక గీత మీదే పడుతుంది. గీత మీద నేను ఇంత పట్టుబట్టేది అందుకే.

ముందు సబ్బుముక్క సంగతి. నల్ల ప్యాంటు గుడ్డ మీద అరిగిపోయిన సబ్బుముక్కతో గీయడం మన దర్జీలకు తరతరాల అలవాటు. ప్యాంటుకు అది చక్కటి పద్ధతి. రెయిన్‌కోటు గుడ్డ ముందువైపు మాత్రం వద్దు. వాన చుక్కలు పూసల్లా దొర్లిపోయేలా గుడ్డ పైభాగానికి నీటిని నిలవనీయని ఒక మందు పట్టిస్తారు. సబ్బు మిగిలిన చోట ఆ గుణం తగ్గిపోతుంది, నీళ్లు గుడ్డకు అంటుకుని పరుచుకుంటాయి. కుట్టిన కోటును మంచినీళ్లతో బాగా కడిగే ఓపిక ఉంటేనే సబ్బు వాడండి.

మైనం కలిసిన సుద్ద గురించి ఇంతకంటే గట్టిగా చెప్పాలి. జారే గుడ్డ మీద గీత చక్కగా పడుతుంది, తెల్లగా మెరుస్తుంది, చూడగానే నచ్చుతుంది. చిక్కు తర్వాత వస్తుంది. వానకు ఆగాల్సిన కుట్టు మీద లోపలివైపు సూది రంధ్రాలను మూసే సీమ్ టేపు వేస్తాం, లేదా అదే పని చేసే సీలెంటు పూస్తాం. ఆ రెండూ కోటింగ్‌కు నేరుగా అతుక్కోవాలి. మధ్యలో మైనం ఉంటే అతకవు. పొడి సుద్దదీ అదే ఇబ్బంది. పంక్చర్ షాపులో ట్యూబు టైరుకు అతుక్కోకుండా టాల్కం పొడి చల్లుతారు చూశారా, కుట్టు మీద మిగిలిన సుద్దపొడి సరిగ్గా ఆ పనే చేస్తుంది. పొడినైతే తడిగుడ్డతో తుడిచేయవచ్చు, మైనం అంత తేలిగ్గా వదలదు. టేపు వేయాల్సిన చోట మైనపు సుద్ద వాడకండి. ఇది ఖచ్చితంగా పాటించాల్సిన నియమం.

మరి దేనితో గీయాలి? పీయూ గుడ్డ వెనకవైపుకు నేను ముందుగా చెప్పేది బలపపు రాయి. వెల్డింగ్ పనివాళ్లు ఇనుప రేకుల మీద కొలతలు గీసుకునేది దీనితోనే. కర్నూలు, అనంతపురం ప్రాంతాల్లో ఈ రాయికి గనులు ఉన్నాయి. ఖనిజాలన్నిటిలోకీ మెత్తనిది టాల్క్, ఈ రాయి ఎక్కువగా దానితోనే ఏర్పడుతుంది, అందువల్ల కోటింగ్‌ను గీరదు. నలుపు మీద తెల్లటి గీత స్పష్టంగా పడుతుంది, పని అయ్యాక తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. వెల్డింగ్ సామాను అమ్మే షాపులో బిళ్లలుగా దొరుకుతుంది. ఒక అంచును గరుకు కాగితం మీద రుద్ది ఉలి మొనలా చేసుకోండి. పలక మీద రాసే బలపాలన్నీ ఇంత మెత్తగా ఉండవు, కొన్ని గట్టిగా ఉండి గీరుకుపోతాయి. ముందు గోరు మీద గీసి చూడండి, గరగరమంటే పక్కన పెట్టేయండి.

మొన గురించి ఎందుకు చెబుతున్నానంటే, మొద్దుబారిన సుద్ద గీత రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఒకసారి గీత లోపలి అంచున, ఇంకోసారి బయటి అంచున కత్తిరిస్తే రెండు ముక్కలకూ ఆ మేరకు తేడా వస్తుంది. నూలు గుడ్డ అయితే కుట్టేటప్పుడు కాస్త లాగి సరిపెట్టేస్తాం. కోటింగ్ గుడ్డ సాగదు. బ్యాగు మూల తిరిగే చోట ఆ తేడా అంతా ముడతగా బయటపడుతుంది.

ముందువైపు నేత మీద గీయాల్సి వస్తే, ఉదాహరణకు జేబు ఎక్కడ రావాలో గుర్తు పెట్టాలంటే, చిన్న చక్రం తిరుగుతూ సుద్దపొడి వదిలే పెన్ను బాగుంటుంది. సన్నటి గీత పడుతుంది, దులిపితే పోతుంది. సిలికాన్ మీద మాత్రం ఆ పొడి నిలవదు. వెండి రంగు పెన్సిల్ కూడా మంచిదే. దాని బలం వెలుతురులో ఉంది. నెత్తిమీది ట్యూబ్‌లైటు కింద అది బూడిద రంగులో కలిసిపోతుంది. టేబుల్ లైటును పక్కకు వంచి, వెలుగు గుడ్డను ఏటవాలుగా తాకేలా పెట్టండి, గీత తళుక్కుమంటుంది. నలుపు మీద పనిచేసేవాళ్లు కొత్త పెన్ను కొనే ముందు దీపం జరిపి చూడాలని నా గట్టి అభిప్రాయం.

తెల్ల జెల్ పెన్ను పీయూ మీద బాగా కనిపిస్తుంది, కానీ సిరా గుడ్డలోకి ఇంకదు, పైనే ఆరాలి. ఆరేదాకా చేయి పెట్టకూడదు. సిలికాన్ మీద అది చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. అక్కడ నిలిచేది వెండి రంగు పర్మనెంట్ మార్కరే, అయినా ముందు చిన్న ముక్క మీద చూసుకోవాలి. పేరులోనే ఉంది కదా పర్మనెంట్ అని. కాబట్టి దాని చోటు కుట్టు లోపలికి పోయే అంచులోనే, బయటికి ఒక్క చుక్క కూడా రాకూడదు. తప్పు గీత పడితే గోళ్ల రంగు తుడిచే ద్రవం తెచ్చేవాళ్లున్నారు. అందులో ఎసిటోన్ ఉంటే గీతతో పాటు కోటింగ్ కూడా దెబ్బతింటుంది. ఇక పీవీసీ మీద బాల్‌పెన్ను వాడనే వాడకండి. ఆ సిరా పొరలోకి దిగి మెల్లగా పాకుతుంది, పక్కనున్న లేత రంగు లైనింగుకు కూడా అంటుకోవచ్చు.

గాలికి మాయమయ్యే ఊదా రంగు పెన్ను నలుపు మీద కనిపించనే కనిపించదు, దానికి డబ్బు దండగ. వేడికి మాయమయ్యే పెన్నుల మాట కొంచెం చెప్పాలి. పైలట్ కంపెనీ ఫ్రిక్షన్ పెన్నులు ఈ రకానివే. సుమారు 60 డిగ్రీల వేడికి సిరా రంగు పోతుంది, సిరా మాత్రం గుడ్డలోనే ఉంటుంది. సున్నాకు పది, ఇరవై డిగ్రీలు కిందికి పోయేంత చలి తగిలితే ఆ గీత మళ్లీ బయటికొస్తుంది. విజయవాడలో వాడే బ్యాగుకు దానితో ఇబ్బంది లేదు. లేహ్‌కో ద్రాస్‌కో తీసుకెళ్లే ట్రెక్కింగ్ సామాను మీద గీస్తే, అక్కడి శీతకాలపు రాత్రికి మీ కొలతలన్నీ తిరిగి కనిపిస్తాయి. అదీగాక ఈ పెన్నులు ముదురు రంగు గుడ్డ మీద వెలిసినట్టు చార వదిలే ప్రమాదం ఉంది. ఇస్త్రీ పెట్టె వేడి పీయూ కోటింగ్‌కూ మంచిది కాదు.

అసలు రంగే అక్కర్లేని పద్ధతులున్నాయని మరచిపోకండి. జపాన్ దర్జీలు ‘హెరా’ అనే మొద్దు అంచు పరికరంతో గుడ్డను నొక్కి గీత తెస్తారు. అరిగిపోయిన చెంచా కాడతో కూడా ఆ పని అవుతుంది. పీయూ మీద ఆ నొక్కు ఏటవాలు వెలుతురులో స్పష్టంగా కనిపిస్తుంది. మడత పెట్టాల్సిన చోట్లకు ఇంతకు మించింది లేదు. ముక్కల మీద ‘కుడి’, ‘ఎడమ’, ‘పైవైపు’ అని రాయాలంటే కాగితపు మాస్కింగ్ టేపు అంటించి దాని మీద రాయండి. అదేరోజు తీసేయండి. మన ఎండలకు రెండు మూడు రోజులుంచితే జిగురు అక్కడే మిగిలిపోతుంది. పాత సరుకైతే టేపుతో పాటు కోటింగ్ కూడా లేచి వస్తుంది.

రెండు ముక్కలు ఎక్కడ కలవాలో చెప్పడానికి అంచున కత్తెరతో చిన్న గాటు చాలు. కుట్టుకు ఒక సెంటీమీటరు వదిలితే గాటు మూడు నాలుగు మిల్లీమీటర్లు దాటకూడదు. పట్టీ కుట్టే చోటును దబ్బనంతో పొడిచి గుర్తు పెట్టేవాళ్లుంటారు. ఆ రంధ్రం పూర్తిగా కుట్టు కిందికి వస్తుందన్న నమ్మకం ఉంటేనే పొడవండి.

ముందు బల్ల మీద పీయూ, సిలికాన్, టార్పాలిన్ ముక్కలు పెట్టాను, పక్కనే నేను చెప్పిన పనిముట్లన్నీ ఉన్నాయి. ఒక్కో ముక్క మీద అన్నిటితోనూ గీయండి. ఒక సగాన్ని బొటనవేలితో గట్టిగా రుద్దండి, ఇంకో సగాన్ని తడిగుడ్డతో తుడవండి. ఆ తర్వాత గీతల మీద సీమ్ టేపు వేసి లాగి చూద్దాం. ప్రశ్నలుంటే అక్కడే అడగండి.