ఆరడుగుల నీళ్లు చాలు: తొలి పొగ ఓడల యుద్ధాలు

శ్రోతలకు నమస్కారం.

ఒకప్పుడు సముద్రం మీద నుంచి వచ్చే శత్రువును ఆపడానికి తీరానికి ఉన్న పెద్ద అండ ఫిరంగులు కాదు, లోతు లేని నీళ్లు. మన మచిలీపట్నం సంగతే చూడండి. పెద్ద ఓడలు ఒడ్డుకు మైళ్ల దూరంలోనే లంగరు వేసేవి. సరుకులైనా మనుషులైనా అక్కడి నుంచి చిన్న పడవల్లో రావాల్సిందే. గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట ఏ ఇసుక మేట ఎక్కడుందో అక్కడి పడవవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ప్రపంచంలో చాలా తీరాలు ఇలాగే ఉండేవి. 74 ఫిరంగుల యుద్ధనౌక తేలాలంటే 20 అడుగులకు పైగా నీళ్లు కావాలి. కదలాలంటే గాలి కావాలి, అదీ అనుకూలంగా వీచాలి. నదిలోకి ఎక్కాలంటే పోటు వచ్చేదాకా కాచుకోవాలి. అందుకే నది ముఖద్వారంలో ఒక కోట కట్టి, ఫిరంగులన్నీ సముద్రం వైపు గురిపెట్టి ఉంచితే సరిపోతుందని రాజులు నమ్మారు. కొన్ని వందల ఏళ్లు ఆ నమ్మకం వమ్ము కాలేదు.

19వ శతాబ్దం మొదటి సగంలో ఆ నమ్మకాన్ని పడగొట్టిన పొగ ఓడల గురించి, అంటే ఆవిరి ఇంజన్‌తో నడిచే స్టీమర్ల గురించి ఇవాళ మాట్లాడుకుందాం. అవి పెద్ద యుద్ధనౌకలు కావు. బ్రిటిష్ నౌకాదళం తన పెద్ద ఓడలను అప్పటికి ఇంకా తెరచాపల మీదే నడుపుతోంది. పొగ ఓడలకు రెండు పక్కలా పెద్ద తెడ్ల చక్రాలుండేవి. ఒక్క గుండు తగిలితే చక్రం విరుగుతుంది. పైగా ఆ చక్రాలే పక్కల చోటంతా ఆక్రమిస్తే ఫిరంగులు పెట్టేదెక్కడ? నౌకాదళం అధికారుల అనుమానం అర్థం చేసుకోదగ్గదే. అయితే ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వానికి కావాల్సింది వేరు. దానికి నదులు కావాలి. నదుల్లోకి పోగలిగే ఓడ కావాలి.

మొదటి ప్రయోగం బర్మా మీద జరిగింది. కలకత్తా పక్కన కిద్దర్‌పూర్ ఓడల కార్ఖానాలో 1823 జులైలో డయానా అనే చిన్న స్టీమర్‌ను నీళ్లలోకి దించారు. ఒక్కొక్కటి 16 అశ్వశక్తి చొప్పున రెండు ఇంజన్లు. దాన్ని కట్టింది యుద్ధం కోసం కాదు. మరుసటి ఏడు బర్మాతో యుద్ధం మొదలైనప్పుడు, నౌకాదళ కెప్టెన్ ఫ్రెడరిక్ మారియాట్ సలహాతో బెంగాల్ ప్రభుత్వం దాన్ని కొని ఐరావతి నదికి పంపింది.

ఐరావతిలో బర్మా రాజు బలం యుద్ధపడవలు. పొడవైన టేకు పడవలు, ఒక్కో దాంట్లో పదుల కొద్దీ తెడ్డు వేసేవాళ్లు. తెరచాప ఓడ వాటిని పట్టుకోవడం జరిగే పని కాదు. గాలి పడిపోతే ఓడ ఉన్నచోటే నిలబడిపోతుంది, పడవలు చుట్టుముడతాయి. డయానా వచ్చాక లెక్క మారింది. మనిషి చేతులు ఎంత బలమైనవైనా గంటో రెండు గంటలో వేగం నిలబెట్టగలవు. ఇంజన్‌కు అలుపు లేదు. బొగ్గో కట్టెలో పడుతున్నంతసేపు అది వెంట వస్తూనే ఉంటుంది. తెడ్లు వేసేవాళ్లు సోలిపోయిన చోట డయానా వాళ్లను పట్టుకునేది. గాలి లేక నిలిచిపోయిన ఓడలకు తాడు కట్టి ముందుకు లాగింది కూడా అదే.

అయినా ఆ యుద్ధాన్ని పొగ ఓడ గెలిపించిందని నేను చెప్పను. 1824 మే నెలలో రంగూన్ చేతికొచ్చింది. ఆ వెంటనే వానలు పట్టుకున్నాయి. సైన్యం బురదలో కూరుకుపోయి జ్వరాలతో, విరేచనాలతో రాలిపోయింది. 1826 ఫిబ్రవరి 24న యాందబో సంధి కుదిరేనాటికి, కంపెనీ పంపిన సుమారు 40,000 మందిలో 15,000 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లలో ఎక్కువమందిని చంపింది శత్రువు కాదు, రోగం.

ఆ పోయినవాళ్లలో మనవాళ్లు ఎందరో ఉన్నారు. రంగూన్ మీదికి వెళ్లిన దండులో పెద్ద భాగం మద్రాసు పటాలాలదే. బెంగాల్ సిపాయిల్లో చాలామందికి సముద్ర ప్రయాణమంటే కులం పోతుందన్న భయం. బర్మా యుద్ధానికి కదలమన్నప్పుడే 1824 నవంబర్‌లో బారక్‌పూర్‌లో సిపాయిలు ఎదురు తిరిగారు, వాళ్లను తుపాకులతో అణచివేశారు. అందుకని భారం మద్రాసు మీద పడింది. మన దత్త మండలాల్లో కలెక్టరుగా పేరు తెచ్చుకున్న థామస్ మన్రో అప్పుడు మద్రాసు గవర్నరు. సైనికులను, పడవలను, ఎడ్లను సమకూర్చి పంపింది ఆయనే. మద్రాసు పటాలాల్లో తమిళులు, ముస్లింలు, ఉత్తర సర్కారుల నుంచి చేరిన తెలుగువాళ్లు కలిసి ఉండేవాళ్లు. వాళ్లు మాత్రం ఇష్టపడి ఓడ ఎక్కారా అంటే, అంత తేలికగా అవునని చెప్పలేం. 1780లో విశాఖపట్నంలోనే, ఓడ ఎక్కమన్నందుకు సిపాయిలు తుపాకులు తిప్పి తిరగబడ్డారు. బర్మా నాటికి ఆ తిరుగుబాటు జరిగి 44 ఏళ్లు.

ఇక అసలు ఓడ దగ్గరికి వద్దాం. పేరు నెమెసిస్. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్‌కు ఎదురుగా, నది ఆవలి ఒడ్డున ఉన్న బర్కెన్‌హెడ్‌లో జాన్ లెయిర్డ్ కార్ఖానాలో తయారై 1839 చివర్లో నీళ్లలోకి దిగింది. డబ్బు పెట్టింది ఈస్టిండియా కంపెనీ రహస్య కమిటీ. పని ముందుండి నడిపించింది థామస్ లవ్ పీకాక్ అనే కంపెనీ అధికారి. ఓడ మొత్తం ఇనుము. పొడవు 184 అడుగులు, వెడల్పు 29 అడుగులు, 60 అశ్వశక్తి ఇంజన్లు రెండు. ముందొకటి, వెనకొకటి చొప్పున ఎటైనా తిరిగే రెండు పెద్ద ఫిరంగులు, వాటితో పాటు రాకెట్లు వదిలే గొట్టం. ఇవన్నీ ఒక ఎత్తు. నిండా సరుకు ఎక్కించినా ఆ ఓడ ఆరడుగుల నీళ్లలో తేలుతుంది. యుద్ధానికి తేలిక చేస్తే ఐదడుగులు చాలు. నన్నడిగితే నెమెసిస్ అసలు ఆయుధం ఆ ఫిరంగులు కాదు, ఆ చదునైన అడుగు.

మరి అంత చదును అడుగుతో నడిసముద్రంలో ఎలా నిలబడింది? అడుగు భాగం గుండా కిందికి దించి, మళ్లీ పైకి లాక్కోగల రెండు పెద్ద పలకలు అమర్చారు. సముద్రంలో వాటిని దించితే ఓడ పక్కకు కొట్టుకుపోదు, నదిలో లాగేసుకుంటే అడుగు తగలదు. లోపల ఓడను అడ్డగోడలతో విడివిడి గదులుగా కట్టారు. ఒక గదిలో నీళ్లు చేరినా పక్క గదిలోకి రావు. ఇది ఉత్త కాగితాల మీది మాట కాదు. బయల్దేరిన కొత్తల్లోనే కార్న్‌వాల్ తీరంలో ఓడ రాయికి గుద్దుకుని చిల్లు పడింది. చెక్క ఓడ అయితే అక్కడే మునిగేది. నెమెసిస్ రేవు దాకా నడిచి, మరమ్మతు చేయించుకుంది. ఇంకో చిక్కు దిక్సూచిది. చుట్టూ ఇనుమే ఉంటే ముల్లు ఉత్తరం ఎందుకు చూపిస్తుంది? ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఏరీ అంతకు కొద్దికాలం ముందే అయస్కాంతాలతో ఆ తప్పును సరిదిద్దే పద్ధతి కనిపెట్టాడు. ఆ పద్ధతే లేకపోతే ఇనుప ఓడ ఒడ్డు వదిలి వెళ్లడం ప్రాణాలతో చెలగాటమే.

1840 మార్చి చివర్లో కెప్టెన్ విలియం హాల్ దాన్ని పోర్ట్స్‌మత్ నుంచి నడిపించాడు. వెళ్లేది రష్యా రేవు ఒడెస్సాకని పైకి చెప్పారు. ఆఫ్రికా దక్షిణ కొన చుట్టి వచ్చిన మొదటి ఇనుప ఓడ అది. ఆ దారిలో తుఫానుకు చక్రాల పక్కన ఇనుప రేకులు నిలువునా చీలాయి. అల వచ్చినప్పుడల్లా పగులు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. ఆ స్థితిలో డెలగోవా అఖాతం దాకా చేరుకుని బోల్టులు బిగించి, పట్టీలు వేసి అతికించుకున్నారు. సింహళంలోని గాలేకు వచ్చాక చైనా వెళ్లమని ఉత్తర్వులు అందాయి. నవంబర్ 25న మకావ్ చేరారు.

ఎందుకొచ్చారో కూడా చెప్పుకోవాలి. కంపెనీ మన దేశంలో పండించి అమ్మించిన నల్లమందు చైనాను పీల్చి పిప్పి చేస్తోంది. చైనా అధికారి లిన్ జెషు 1839లో ఆ సరుకును స్వాధీనం చేసుకుని, సున్నం నీళ్లలో కలిపి సముద్రం పాలు చేయించాడు. దానికి బదులుగా వచ్చింది ఈ యుద్ధం. నెమెసిస్ పనితనం చూసి ఎంత ఆశ్చర్యపోయినా, అది ఎవరి తరఫున, ఏ సరుకు కోసం పోరాడిందో మరచిపోవడం న్యాయం కాదు.

1841 జనవరి 7న పెర్ల్ నది ముఖద్వారంలోని చువెన్‌పీ కోట మీద దాడి జరిగింది. కోట ఫిరంగులు ఎదురుగా వచ్చే ఓడల కోసం కట్టినవి. సిపాయిలను పక్కన దించి వెనక నుంచి పంపారు. వాళ్లలో 37వ మద్రాసు పటాలం ఉంది. కోట పడిపోగానే నెమెసిస్ అక్కడి లోతు లేని అఖాతం వైపు తిరిగింది. చైనా యుద్ధపడవలు అక్కడ నిశ్చింతగా నిలిచి ఉన్నాయి, ఆ నీళ్లలోకి పెద్ద ఓడ రాలేదు కనుక. నెమెసిస్ వచ్చింది. అది వదిలిన మొదటి రాకెట్టే ఒక పెద్ద పడవ మందుగుండు గదిని అంటుకుంది. పడవ మనుషులతో సహా ఎగిరిపోయింది. ఆ రాకెట్ల పుట్టుక మనవైపుదే. మైసూరు సైన్యం వాడిన ఇనుప గొట్టాల రాకెట్లు శ్రీరంగపట్నం పడిపోయాక ఇంగ్లండ్ చేరాయి. వాటిని చూసే విలియం కాంగ్రీవ్ తన రాకెట్లు తయారు చేశాడు.

మే నెలలో కాంటన్ నగరం మీదికి వెళ్లినప్పుడు, సైనికులతో నిండిన పడవలను వరుసగా కట్టుకుని నెమెసిస్ లాక్కుపోయి నగరం వెనక ఉన్న ఒడ్డున దించింది. ఎత్తైన దిబ్బలను పట్టుకోవడంతో నగరం లొంగింది. ఆ తర్వాత జరిగింది నాకు ఈ యుద్ధం మొత్తంలో మరచిపోలేని ఘట్టం. సన్‌యువాన్‌లీ చుట్టుపక్కల పల్లెల జనం వేల సంఖ్యలో బల్లేలు, పారలు, కత్తులు పట్టుకుని వచ్చారు. అదే సమయానికి ఉరుములతో కుండపోత. 37వ మద్రాసు పటాలంలో సుమారు 60 మంది ఉన్న ఒక దళం మిగతా దండు నుంచి తప్పిపోయింది. వాళ్ల చేతుల్లో ఉన్నవి చెకుముకి తుపాకులు. మందు తడిస్తే పేలవు. ఒక్క తుపాకీ పేలలేదు. నాలుగు వైపులా తిరిగి చదరంగా నిలబడి, బాయొనెట్లతోనే చీకటిపడేదాకా కాచుకున్నారు. తడిసినా పేలే కొత్త రకం తుపాకులున్న నౌకాదళ సైనికులు వెతుక్కుంటూ వచ్చి వాళ్లను బయటపడేశారు.

ఆలోచించండి. ఆ సిపాయిలను అక్కడికి తెచ్చింది ప్రపంచంలోనే కొత్త ఓడ. వాళ్ల చేతికిచ్చింది వాన పడితే కర్రతో సమానమయ్యే తుపాకీ. కొత్త తుపాకులు అప్పటికే ఉన్నాయి, తెల్ల సైనికుల చేతుల్లో. కంపెనీ ఖర్చు పెట్టింది ఓడ మీద, సిపాయి మీద కాదు. ఆ పల్లె జనం మాత్రం తమ ఊళ్లను, పొలాలను కాపాడుకోవడానికే వచ్చారు. రెండు వైపులా రైతుబిడ్డలే వానలో తడుస్తూ నిలబడ్డారు.

చైనావాళ్లు చూస్తూ ఊరుకోలేదు. 1842 జూన్‌లో షాంఘై దగ్గర వుసుంగ్‌లో బ్రిటిష్ వాళ్లకు చక్రాలున్న చైనా పడవలు కనిపించాయి. లోపల మనుషులే చక్రాలు తిప్పుతున్నారు. ఆవిరి యంత్రం లేదు. ఓడ రూపం చూసి అలాంటిది తయారు చేసినవాళ్ల తెలివికి నాకు గౌరవం కలుగుతుంది. కానీ ఐరావతి మీద తెడ్లు వేసినవాళ్లకు ఎదురైన కష్టమే వీళ్లకూ ఎదురైంది. మనిషి అలిసిపోతాడు.

ఆ వేసవిలో స్టీమర్లు తెరచాప యుద్ధనౌకలకు తాళ్లు కట్టి యాంగ్జీ నదిలోకి లాక్కుపోయాయి. జులైలో జెన్‌జియాంగ్ పడింది. బీజింగ్‌కు బియ్యం వెళ్లే పెద్ద కాలువ ఆ నదిని దాటేది అక్కడే. అన్నం దారి మూసుకుపోయాక చక్రవర్తికి ఇంకేం మిగులుతుంది? ఆగస్టు 29న నాన్‌కింగ్ సంధి మీద సంతకాలయ్యాయి. హాంకాంగ్ బ్రిటిష్ వాళ్లకు దక్కింది, ఐదు రేవులు తెరుచుకున్నాయి. లిన్ స్వాధీనం చేసుకున్న నల్లమందుకు పరిహారం కట్టాలని ఆ సంధిలో రాశారు, నల్లమందు వ్యాపారం సంగతి మాత్రం తేల్చలేదు.

ఆ తర్వాత ఇదే పద్ధతి మళ్లీ మళ్లీ చూస్తాం. 1852లో రెండో బర్మా యుద్ధానికి ఒకటీ రెండూ కాదు, స్టీమర్ల దండే వెళ్లింది. అందులోనూ మద్రాసు పటాలాలున్నాయి. దిగువ బర్మా మొత్తం పోయింది. 1885 నవంబర్‌లో మూడోసారి ఐరావతి స్టీమర్ల కంపెనీ ఓడలను అద్దెకు తీసుకుని సైన్యాన్ని ఎక్కించారు. రెండు మూడు వారాల్లో మాండలే చేరారు. బర్మా చివరి రాజు తిబా లొంగిపోయాడు. ఆయన్ను ముందు మద్రాసుకు తెచ్చారు, అక్కడి నుంచి రత్నగిరికి తరలించారు.

రంగూన్ బియ్యం ఎగుమతి చేసే రేవుగా పెరిగింది. వడ్ల మిల్లులకు, రేవుకు కూలీలు కావాల్సి వచ్చారు. కోరంగి, కాకినాడ, విశాఖపట్నం వైపు నుంచి తెలుగువాళ్లు వేల మంది స్టీమర్ల డెక్కుల మీద కూర్చుని వెళ్లారు. బర్మాలో వాళ్లకు కోరంగీలన్న పేరు స్థిరపడింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు, సమ్మె ముగిశాక ఆ బర్మా కూలీలను తీసేశారు. దాంతో రేగిన అల్లర్లలో ఎందరో తెలుగువాళ్లు చనిపోయారు.

నమస్కారం.