స్కూబాకు ఫస్ట్ టైమ్ పోతున్నారా? రూమ్ తీసుకోవాలా, పడవలోనే ఉండాలా

నమస్తే. ఇది మా వ్యవసాయ బావి, హనుమకొండ నుంచి అరగంట దూరం. నడుముకు బెండ్లు కట్టుకొని నేను ఈత నేర్చుకున్నది ఇందులోనే. ఈ నెలలో ముగ్గురు తమ్ముళ్లు ఒకటే అడిగారు: "అన్నా, లివ్‌అబోర్డ్ బుక్ చేసుకోవాలా, అండమాన్‌లో రూమ్ తీసుకొని డైవ్ చేయాలా?"

మొదటిసారి అయితే రూమే తీసుకోండి.

లివ్‌అబోర్డ్ అంటే తిండి, నిద్ర, డైవ్ అన్నీ పడవలోనే. రోజుకు మూడు నాలుగు డైవ్‌లు పడతాయి. ఒడ్డున ఉంటే పొద్దున బోటులో పోయి, మామూలుగా రెండు డైవ్‌లు చేసి మధ్యాహ్నానికి రూమ్‌కు వచ్చేస్తారు. డైవ్‌కు ఎంత అని లెక్కేస్తే పడవే చవక అనిపిస్తుంది, నేనూ ఆ లెక్క చూసే పోయాను.

అప్పటికి నావి పన్నెండు డైవ్‌లే. థాయ్‌లాండ్‌లో సిమిలాన్ దీవులకు నాలుగు రాత్రుల పడవ ఎక్కితే, రెండో రోజుకే జలుబు పట్టుకుంది. నీళ్లలో మూడు మీటర్లు దిగానో లేదో ఎడమ చెవిలో సూది గుచ్చినట్టు నొప్పి, ముక్కు మూసుకొని మెల్లగా ఊదినా చెవి తెరుచుకోలేదు, ఇంక పైకి వచ్చేశాను. మిగతా రోజులన్నీ డెక్ మీదే కూర్చున్నా. అందరూ నీళ్లు కారుతున్న సూట్లతో మెట్లెక్కి వచ్చి ఏమేం చూశారో చెప్తుంటే ఏడుపొచ్చింది. డబ్బులు వాపస్ రాలేదు. అదే అండమాన్‌లోని హావ్‌లాక్‌లో అయితే, ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు, డాక్టర్‌కు చూపించుకొని, రూమ్‌లో పడుకొని, తగ్గాక మళ్లీ దిగేవాడిని. పడవలో వాంతులు పట్టుకున్నా అంతే, దిగిపోదామంటే చుట్టూ సముద్రమే.

బావి అడుగుకు మునిగితే చెవులు బిగుస్తాయి కదా, ఇదీ అదే. సముద్రంలో పది మీటర్లు దిగేసరికి ఒత్తిడి రెట్టింపవుతుంది, అందుకే చెవులకు కష్టమంతా ఆ మొదటి పది మీటర్లలోనే. ఇంకో మాట, బావిలో మనం ఊపిరి బిగబడతాం, స్కూబాలో ఎప్పుడూ బిగబట్టొద్దు, పైకి వచ్చేటప్పుడైతే అసలే వద్దు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

ఓపెన్ వాటర్ అనే మొదటి కోర్సుతో 18 మీటర్ల వరకు దిగొచ్చు, అడ్వాన్స్‌డ్ చేస్తే 30. చాలా లివ్‌అబోర్డ్‌లవాళ్లు అడ్వాన్స్‌డ్ కార్డు, చేసిన డైవ్‌లు రాసుకునే లాగ్‌బుక్ చూపించమంటారు, మాల్దీవుల్లాంటి చోట నీటి లాగుడు బలంగా ఉంటుంది కాబట్టి అడగడం న్యాయమే. మీవి ఒక యాభై డైవ్‌లు అయ్యి, చెవులు చెప్పినట్టు వింటుంటే అప్పుడు ధైర్యంగా పడవ ఎక్కండి, ఒడ్డు నుంచి రోజూ పోయిరాలేని చోట్లు చూడొచ్చు. ఇంట్లోవాళ్లు కూడా వస్తూ వాళ్లు డైవ్ చేయరనుకోండి, అప్పుడు మీకెన్ని డైవ్‌లున్నా ఒడ్డే మేలు.

శంషాబాద్‌కు రిటర్న్ టికెట్ కొనేముందు ఒకటి చూసుకోండి, రోజూ డైవ్ చేస్తే చివరి డైవ్‌కు, ఫ్లైట్‌కు మధ్య కనీసం 18 గంటలు ఉండాలి. నేను ఒక రోజు మొత్తం వదిలేస్తాను.

సరే, ఫోన్ తమ్ముడికి ఇస్తున్నా. నీళ్లలో దిగి చెవులు ఎట్లా తెరవాలో చూపిస్తా, నా వేళ్లు ముక్కు మీద ఎక్కడున్నాయో చూడండి.