సత్యభామకు పారిజాతం ఇష్టమేనా?

తమ్ముడు: ఒంగోలు నుంచి అందరికీ నమస్కారం. బజారంతా మల్లెలు కదా, ఈసారి మన మాటలూ పూల మీదే. కావ్యాల్లో ఎవరికి ఏ పువ్వు ఇష్టం? సత్యభామ అనగానే పారిజాతం అంటారు. అంతేనా అక్కా?

అక్క: నేనొప్పుకోను. నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’ చూడు. నారదుడు తెచ్చిన ఒక్క పువ్వును కృష్ణుడు రుక్మిణికిచ్చాడు. ఆ కబురు చెలికత్తె మోసుకొచ్చేసరికి సత్య దెబ్బ తిన్న ఆడపాములా లేచింది. ఆ కోపంలో పువ్వు ఊసెక్కడుంది? రుక్మిణికి గన్నేరు పువ్విచ్చినా ఇల్లు దద్దరిల్లేదే!

తమ్ముడు: మరి పువ్వును పువ్వుగా ఇష్టపడింది ఎవరు?

అక్క: ద్రౌపది. అరణ్యపర్వంలో గాలికి కొట్టుకొచ్చిన సౌగంధికాన్ని చూసి మురిసిపోయింది. చేతికి దొరికింది ధర్మరాజుకిస్తానంది, ఇంకా కావాలని భీముణ్ణి అడిగింది.

తమ్ముడు: పువ్వేమో అన్నగారికి, పరుగేమో భీముడికి! దారిలో హనుమంతుడి తోక ఎత్తలేక తంటాలు కూడా.

అక్క: అది పాత్రల గొడవ. కవి మనసు తెలియాలంటే ఏ పాత్రా పువ్వు అడగని చోట వెతకాలి. మన గుడ్లూరు ఎఱ్ఱన ఉన్నాడుగా.

తమ్ముడు: అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి.

అక్క: ఆయనే. నన్నయ తెలుగు భారతం రాస్తూ అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో ఆగిపోయాడు. ఆయన చివరి పద్యం శరత్కాలపు రాత్రి. హారాల్లా చుక్కలు, కర్పూరం చల్లినట్టు వెన్నెల, గాలి నిండా అప్పుడే విరిసిన కలువల వాసన. దాదాపు 300 ఏళ్ల తరువాత ఎఱ్ఱన అందుకున్న మొదటి పద్యంలో తెల్లవారింది! మబ్బులు తొలగిపోయాయి, తామరలు విచ్చుకున్నాయి, హంసలూ తుమ్మెదలూ ఒకటే సందడి.

తమ్ముడు: కలువ రాత్రి పూస్తుంది, తామర పగలు. ఇందులో ఇష్టం ఏముంది? వేళను బట్టి వచ్చిన పూలే కదా.

అక్క: ఆ వేళను ఎంచుకున్నదెవరు? తన ముద్ర వేయాలనుకుంటే వసంతం తెచ్చి, మామిడి చిగుళ్లూ కోయిలలూ పెట్టుకోవచ్చు. శరత్తును కదపలేదు. నన్నయ కలువలు ముడుచుకునే వేళకు తన తామరలు విప్పాడు. పైగా తాను పూరించిన భాగాన్ని, నన్నయ చేత భారతం రాయించిన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు.

తమ్ముడు: మరి ఇంట్లో పెట్టుకుని పోషించిన వేమారెడ్డి ఏమైపోవాలి?

అక్క: ఆయనకు హరివంశం ఇచ్చాడులే.